మగవాళ్ళు యాభై దాటని ఇల్లు

రికార్డుల గది, జనన మరణాల నమోదు కార్యాలయం
సోమవారం, భోజనాల వేళ

చిన్నోడికి,

నలభై తొమ్మిదేళ్ళవాణ్ణి పట్టుకుని చిన్నోడా అంటే షాపులో పరువు పోతోందని కిందటిసారి రాశావు. అక్క ఉత్తరాన్ని షాపులో చదవమని ఎవరు చెప్పారు? ఇంటికి తీసుకెళ్ళి చదువుకో. ఫోను చేస్తే ఊఁ అంటావు, ఆఁ అంటావు, కాగితం మీదైతేనే నీ నోటి నుంచి నాలుగు ముక్కలు రాలతాయి. అందుకే రాస్తున్నాను.

నన్ను పై అంతస్తు నుంచి నేలమాళిగలోకి దింపారు. బల్ల అదే, కుర్చీ అదే, కిటికీ మాత్రం పోయింది. ఎనభై ఏళ్ళ మరణాల రిజిస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించే పని. ఒక్కో పుస్తకం ఎత్తాలంటే ఇద్దరు కావాలి. ప్రతి పేజీకీ పదకొండు గడులు. తేదీ, ఆడా మగా, వయసు, వృత్తి, వీధి, వచ్చి చెప్పినవాళ్ళెవరు, ఇలాంటివి. ఎనిమిదో గడి మరణ కారణం. దాని పక్కన నేనో నంబరు వెయ్యాలి. జ్వరానికొకటి, క్షయకొకటి, కాన్పుకొకటి. పైవాళ్ళకి ఆ నంబర్లు చాలు. చదవకుండా నంబరు వెయ్యాలంటే నాకు చెయ్యి కదలదు, నా సంగతి నీకు తెలిసిందే.

మొదటి పుస్తకాలు చదువుతుంటే భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ వేస్తోంది. పిల్లల సంగతి పక్కన పెట్టు, పెద్దవాళ్ళనే చూడు. పాతికేళ్ళ తాపీమేస్త్రి, విరేచనాలు, మూడో రోజు. ముప్ఫై ఒకటి, బట్టలుతికే ఆమె, కాన్పు. నలభై, అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే ఆయన, దగ్గు. ఇరవై ముప్ఫై పుస్తకాల తర్వాత తెరిస్తే ఈ జబ్బులన్నీ తట్టాబుట్టా సర్దుకుని వెళ్ళిపోయాయి. వాటి చోట గుండె, పక్షవాతం, షుగరు, కేన్సరు. పోయేవాళ్ళ వయసులూ మారిపోయాయి. ఒక జబ్బు ఊరొదిలి వెళ్తే అక్కడున్నవాళ్ళంతా బతికిపోయారని అనుకుంటాం కదా. బతికిపోరు, ఇంకో జబ్బు దాకా నడిచి వెళ్తారు. ఆ నడక ఎంత దూరమన్నదే ఆయుష్షు అని నాకిప్పుడిప్పుడే తలకెక్కుతోంది.

సరే, అసలు సంగతికి వస్తాను. నీ షాపు పక్కన కుట్టుమిషను పెట్టుకున్న ఆమె గురించి కిందటి ఉత్తరంలో రెండు వాక్యాలు రాసి, రెండూ కొట్టేశావు. వెలుతురుకి పట్టి చదివాను. "ఆమె అడిగింది" అని ఉంది. ఏమడిగింది? నీళ్ళు నమలకుండా రాయి.

మీ బావ నిన్నడిగానని చెప్పమన్నారు.

అక్క

—

కాటాల రిపేరు షాపు, వెనక గది
గురువారం

లెక్కలక్కకి,

కొట్టేసినవి కూడా చదివే మనిషికి ఏం దాస్తాం.

నెల కిందట ఆమె నా చొక్కా కాలరు తిప్పి కుడుతోంది. నోట్లో గుండుసూదులు. తలెత్తకుండానే అడిగింది. "మనిద్దరికీ రెండు ఇళ్ళు, రెండు తాళాలు ఎందుకండీ? పెళ్ళి చేసుకుంటే ఒకటి సరిపోతుంది కదా?" ఆరేళ్ళుగా పక్కపక్క షాపులు. ఆమె కత్తెరకి నేను పదును పెడతాను, నా కాటాలకి ఆమె గుడ్డ తొడుగులు కుడుతుంది. అంతవరకూ బాగానే ఉంది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పలేదు.

నీకు చెప్పక్కర్లేదు. తాతయ్య యాభై. పెద్దనాన్న యాభై. నాన్న యాభై. మన ఇంట్లో మగాళ్ళు యాభై దాటరని అమ్మ ఎన్నిసార్లు అనలేదు? ముగ్గురికీ గుండే. ఇంకో ఎనిమిది నెలల్లో నాకూ యాభై నిండుతాయి. ఆమె మొదటి భర్త పోయేటప్పటికి ఆమెకి ఇరవై ఆరు. ఆ రోజుల గురించి ఒక్కసారే చెప్పింది, చెప్పినంతసేపూ చేతిలో ఉన్న గుడ్డని మడతపెడుతూ, విప్పుతూ ఉంది. ఆ మనిషిని మళ్ళీ అదే గదిలో కూర్చోబెట్టి వెళ్ళడం నా వల్ల కాదు. నాకామె అంటే ఇష్టం లేక కాదు. ఇష్టమే. అందుకే వద్దన్నాను.

వాళ్ళన్నయ్య తన ఊరికి వచ్చెయ్యమంటున్నాడట. బడిపిల్లల యూనిఫారాల పని చేతినిండా ఉంది. అది అయ్యేదాకా ఉంటానని, ఆ తర్వాత మిషను ఎత్తేస్తానని చెప్పింది. అంటే నెల రోజులు. నేను ఉలకను, పలకను. ఆమె వెళ్ళిపోతుంది. అదే మంచిది.

నీ పుస్తకాల్లో మనవాళ్ళు ఉంటారుగా. తీసి చూడు. మూడు చోట్లా యాభై అనే ఉంటుంది. ఉంటే మటుకు ఇక ఈ విషయంలో నా బుర్ర తినకు.

బావకి నమస్కారాలు.

చిన్నోడు (షాపు బయట)

—

రికార్డుల గది
మంగళవారం

చిన్నోడికి,

నువ్వు గెలిచావు. ముందు అది ఒప్పుకుంటున్నాను.

తాతయ్య: వయసు 50, కారణం "గుండె ఆగింది". పెద్దనాన్న: వయసు 50, కారణం "గుండె ఆగింది". రెండూ నా కళ్ళతో చూశాను. చూసి పుస్తకం మూసేసి మంచినీళ్ళు తాగి వచ్చాను. 

తిరిగొచ్చి పెద్దనాన్న పేజీ మొత్తం చదివాను. పేజీకి ఇరవై నాలుగు మంది. అందులో పద్దెనిమిది మందికి "గుండె ఆగింది". వెనక్కి తిప్పాను, పదిహేడు. ఇంకా వెనక్కి, ఇరవై. చేతిరాత ఒక్కటే, వంకీలు తిరిగిన చక్కటి రాత, ముప్ఫై ఆరేళ్ళ పాటు మారలేదు. ఊళ్ళో ఇంతమందికి గుండెజబ్బేమిటి? ఇరవై రెండేళ్ళ ఈతగాడికి కూడా గుండె ఆగిందట, చెరువులో.

ఇంకో వింత. ఆ ముప్ఫై ఆరేళ్ళలో ఏ వయసులో ఎంతమంది పోయారో లెక్క వేశాను. నలభై తొమ్మిదిలో పదకొండు మంది. యాభై ఒకటిలో ఎనిమిది మంది. యాభైలో మూడు వందల నలభై. అరవై దగ్గరా ఇదే వరస, నలభై దగ్గరా ఇదే. జనం యాభై దాకా వచ్చి వరస కట్టి పోయి, మళ్ళీ అరవై దాకా ఎవరూ పోకుండా ఆగుతారా? కొలతల పని నీది. నువ్వు చెప్పు.

ఆ రాత రాసిన గుమాస్తాగారు ఇంకా ఉన్నారట. ఎనభై ఎనిమిదేళ్ళు. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నాను. ఈ వారమంతా తలనొప్పి. నేలమాళిగలో ట్యూబులైటు మిణుకుమిణుకుమంటూ ప్రాణం తీస్తోంది. మీ బావ కళ్ళద్దాలు మార్చుకోమంటున్నారు.

యూనిఫారాల పని ఎంతవరకు వచ్చింది? అడుగుతున్నది నేను కాదు, మీ బావ.

అక్క

—

కాటాల షాపు
శనివారం

అక్కకి,

బావ యూనిఫారాల గురించి అడిగాడంటే నమ్మేశాను.

కొలతల సంగతి చెప్తాను. ఒకాయన బియ్యం కాటా తెచ్చి, బాగానే ఉంది, కొంచెం నూనె వెయ్యి చాలు అంటాడు. నేను రకరకాల సరుకు పెట్టి చూస్తాను. ముల్లు ప్రతిసారీ ఐదు మీదో పది మీదో ఆగుతుంటే ఇక సరుకుని చూడను. కాటా విప్పుతాను. నిజంగా తూచే ముల్లు ఎక్కడపడితే అక్కడ ఆగుతుంది. గుండ్రటి అంకెలు మనిషి చెప్పేవి, బరువు చెప్పేవి కావు.

ఇంతవరకూ నీ ప్రశ్నకి జవాబు. దీన్ని పట్టుకుని నా మీదకి రావద్దు. కాటా తప్పైతే సరుకు ఎక్కువుందని కాదు, ఎంతుందో తెలియదని అంతే. తాతయ్యకి నలభై ఐదే అయ్యుండచ్చు.

యూనిఫారాలు సగం అయ్యాయి. నీలం నిక్కర్లు ఐపోయాయి, చొక్కాలు కుడుతోంది. నిన్న కాజాల మిషను పాడైతే బాగుచేశాను. "మీరు బాగుచెయ్యకపోతే పని ఇంకో వారం సాగేది కదా" అంది. నవ్వుతూనే అంది. నేను మిషనుకి ఇంకో చుక్క నూనె వేశాను.

తాతయ్యని చూశావు, పెద్దనాన్నని చూశావు. నాన్న ఊసే ఎత్తలేదు.

తమ్ముడు

—

ఇంటి నుంచి
ఆదివారం సాయంత్రం

చిన్నోడికి,

గుమాస్తాగారిని చూసొచ్చాను. వరండాలో పడక కుర్చీ, ఒళ్ళో పేపరు, చెవులు మాత్రం కొంచెం గట్టిగా అడగాలి. నేను పుస్తకం పేజీ ఫోటో చూపిస్తే ముఖం వెలిగిపోయింది. "నా రాతే" అన్నారు.

"ఇంతమందికి గుండె ఆగిందని రాశారేంటండీ?" అన్నాను.

"గడి ఖాళీ వదలకూడదమ్మా. వదిలితే పై ఆఫీసు నుంచి పుస్తకం తిరిగొచ్చేది. ఆసుపత్రిలో పోయినవాళ్ళకి డాక్టరు చీటీ ఉండేది, అందులో ఉన్నది ఎక్కించేవాణ్ణి. ఇంట్లో పోయినవాళ్ళకి చీటీ ఎక్కడిది? చెప్పడానికి వచ్చినవాడు ఏడుస్తూ ఉండేవాడు. ఏడ్చేవాణ్ణి ఎంతసేపని అడుగుతాం?"

"అందుకని?"

"గుండె ఆగకుండా పోయినవాళ్ళెవరమ్మా? నేనేం అబద్ధం రాయలేదే."

ఆయన అంత ధీమాగా అంటే నాకు నవ్వొచ్చింది. వయసుల సంగతి అడిగాను. "ఎంత ఉంటాయి బాబూ అంటే, ఉంటాయండీ ఒక యాభై అనేవాళ్ళు. యాభై అని వేసేవాణ్ణి. యాభై మూడని పట్టుబట్టినవాడు నా సర్వీసులో ఒక్కడు తగల్లేదు" అన్నారు.

ఇక విను. పాత ఆసుపత్రి వార్డు పుస్తకాలు, కార్ఖానాల పనివాళ్ళ కార్డులు కూడా మా నేలమాళిగలోనే పడున్నాయి. మూడు రోజులు దుమ్ము తిన్నాను. తాతయ్య విషజ్వరంతో తొమ్మిది రోజులు వార్డులో ఉండి, ఇక లాభం లేదని ఇంటికి తెచ్చాక పోయాడు. ఆ నెలలోనే ఆ వీధిలో పద్నాలుగు మంది పోయారు. పని కార్డు ప్రకారం తాతయ్యకి అరవై ఒకటి. పెద్దనాన్న సున్నపుబట్టీలో ముప్ఫై ఏళ్ళు చేశాడు, ఊపిరితిత్తుల నిండా సున్నం దుమ్మని వార్డు పుస్తకంలో ఉంది, పోయింది మాత్రం ఇంట్లోనే. కార్డు ప్రకారం యాభై తొమ్మిది. పాపం యాభైకే నోట్లో ఒక్క పన్నూ లేదే అని మనం జాలిపడేవాళ్ళం, గుర్తుందా?

ఇప్పుడు అన్నిటికన్నా నన్ను కూర్చోబెట్టిన సంగతి. తాతయ్య పోయినట్టు ఆఫీసుకి వచ్చి చెప్పింది ఎవరో తెలుసా? నాన్న. అప్పటికి పాతికేళ్ళవాడు. గడిలో నాన్న సంతకం ఉంది, తల వంకరగా పెట్టే ఆ మొదటి అక్షరంతో. పెద్దనాన్న పోయినప్పుడు వచ్చింది కూడా నాన్నే. మన ఇంటి యాభై మన నాన్న నోటి నుంచి వచ్చింది. రెండుసార్లూ ఏడుస్తూ చెప్పి ఉంటాడు.

అంటే తాతయ్యది ఒక కాలపు చావు, పెద్దనాన్నది ఒక పని తెచ్చిన చావు. రెండిటికీ నీకూ ఏ సంబంధం లేదు. విషజ్వరానికిప్పుడు మందుంది, నువ్వు సున్నపుబట్టీ వైపు వెళ్ళవు. ఆమెకి ఈ ముక్క చెప్పు.

నాన్న పేజీ గురించి తర్వాత రాస్తాను.

అక్క

—

కాటాల షాపు
బుధవారం

అక్కకి,

ఉత్తరం నాలుగుసార్లు చదివాను. షాపులోనే. ఎవరన్నా చూస్తే చూడనీ.

పెద్దనాన్నకి యాభై తొమ్మిదని చదివాక షట్టరు సగం దించి కాసేపు కూర్చున్నాను. పద్నాలుగేళ్ళప్పటి నుంచి నెత్తిన పెట్టుకుని తిరుగుతున్న బరువు. అందులో రెండు వంతులు ఉత్తదేనంటే వెంటనే తేలికపడతామనుకుంటారు. పడలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

కానీ అక్కా, నువ్వు అబద్ధం రాయవు. రాయకుండా ఉంటావు, అంతే. చిన్నప్పుడు నా మార్కుల కార్డు చూసి అమ్మ దగ్గర నువ్వు చేసింది కూడా ఇదే. నాన్న పోయింది ముప్ఫై ఐదేళ్ళ కిందట. ఆ సంవత్సరం పుస్తకం నీ చేతికి రాకుండా పెద్దనాన్న పుస్తకం ఎలా వచ్చింది? రెండూ పక్కపక్క అరలే కదా. నాన్న పేజీ నువ్వు అందరికన్నా ముందే చూశావు.

చొక్కాలు ఐపోవచ్చాయి. ఇక బొత్తాలే. మిషను తీసుకెళ్ళడానికి బండి మాట్లాడమని నన్నే అడిగింది. ఆమెకి నేనింకా ఏమీ చెప్పలేదు. నాన్న సంగతి తేలకుండా చెప్పను.

తమ్ముడు

—

రికార్డుల గది
శుక్రవారం

చిన్నోడికి,

చూశాను. మొదటి రోజే చూశాను. రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను, కూర్చుని చదువు.

నాన్నకి యాభై. బడి సర్టిఫికెట్టు తీసి చూశాను, యాభై ఏళ్ళ నాలుగు నెలలు. ఇది గుండ్రటి అంకె కాదు, నిజం. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు కాబట్టి డాక్టరు చీటీ ఉంది. అధిక రక్తపోటు, మెదడులో నరం చిట్లింది. గుండె కాదు, అమ్మకి అలా చెప్పారో, ఆమెకలా అర్థమైందో.

చీటీ వెనక పాత ఓపీ కార్డు గుండుసూదితో గుచ్చి ఉంది. నాన్న అంతకుముందు ఏడాదిలో మూడుసార్లు తలనొప్పని వెళ్ళాడు. మూడుసార్లూ బీపీ కొలిచారు, మూడుసార్లూ ఎక్కువే. మూడోసారి నర్సు ఇలా రాసింది, అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "మాత్రలు వద్దన్నాడు. మా ఇంట్లో మగవాళ్ళకి యాభయ్యే, మాత్రలెందుకు అన్నాడు."

అర్థమైందా? తన నోటితో తనే రెండుసార్లు చెప్పిన యాభైని తనే నమ్మాడు. ఆ అంకె తప్పని చెప్పే కాగితాలు మా నేలమాళిగలో అప్పుడూ ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. అది చదివి నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఇప్పుడు నువ్వూ అదే మాట అంటున్నావు, అదే గొంతుతో. నాకు భయంగా ఉంది.

ఇంకో లెక్క చెప్తాను. నాన్న పోయిన పదేళ్ళలో రక్తపోటు, గుండె, పక్షవాతం అని డాక్టరు చీటీ ఉన్నవాళ్ళని మాత్రం ఏరాను. అందులో సగం మంది యాభై ఐదు దాటలేదు. మొన్నటి పదేళ్ళ పుస్తకాల్లో అవే జబ్బులు ఏరాను. సగం మంది డెబ్భై రెండు దాటారు. ఇప్పటికీ మా ఊళ్ళో ఎక్కువమందిని తీసుకెళ్ళేది ఆ జబ్బులే. జబ్బు మారలేదు, తొందర మానుకుంది. జనం కొలిపించుకోవడం మొదలుపెట్టారు, మాత్రలు మింగడం మొదలుపెట్టారు, బీడీలు కొంచెం తగ్గించారు. పదిహేడేళ్ళు జరిగింది, చిన్నోడా. పదిహేడేళ్ళంటే ఒక పిల్ల పుట్టి కాలేజీకి వెళ్ళేంత కాలం.

తాతయ్యది నీకు రాదు, పెద్దనాన్నది రాదు. నాన్నది రావచ్చు. అది నీకుందో లేదో చెప్పడానికి పుస్తకాలక్కర్లేదు, చేతికి పట్టీ చుట్టి రెండు నిమిషాలు కూర్చుంటే చాలు. వెళ్ళు. మీ బావ మాట కాదు, నా మాట.

అక్క

—

కాటాల షాపు
సోమవారం

అక్కకి,

వెళ్ళాను. ఒక్కణ్ణి కాదు. నీ ఉత్తరాలన్నీ ఆమెకి ఇచ్చాను. నా నోటితో చెప్పడం చేతకాక ఇచ్చాను. బొత్తాలు కుట్టడం ఆపి చివరిదాకా చదివి, "ఇందుకా వద్దన్నారు?" అంది. తర్వాత మిషను మీద గుడ్డ కప్పి, "పదండి" అంది.

నర్సు కొలిచింది. నూట ఇరవై ఎనిమిది, ఎనభై రెండు. నేను ఆ మిషను ఎప్పుడు సరిచూశారని అడిగాను. నర్సు నన్నోరకంగా చూసి ఇంకో మిషనుతో కొలిచింది. నూట ఇరవై ఆరు, ఎనభై రెండు. డాక్టరుగారు ఏమీ లేదు, ఆర్నెల్లకోసారి వచ్చి కొలిపించుకోండి అన్నారు. ఇంతేనా అన్నాను. ఇంతే అన్నారు. ముప్ఫై ఐదేళ్ళ భయాన్ని లేపి బయటికి పంపడానికి ఐదు నిమిషాలు పట్టింది.

బయట బెంచీ మీద కూర్చున్నాం. ఆమె అంది, "మా ఆయనకి ముప్ఫై రెండు. బీపీ లేదు, ఏమీ లేదు. తడిమెట్ల మీద జారాడు. అది ఏ పుస్తకం చూస్తే ముందే తెలిసేది? మిమ్మల్ని నేను ఏళ్ళు అడిగానా?"

 ఆ తర్వాత ఇంకోటి అడిగింది. "మీ ఇంటి మగవాళ్ళ సంగతి అంతా విన్నాను. ఆడవాళ్ళు ఎంతెంతకి పోయారు?"

అక్కా, నాకు తెలియదు. నాన్నమ్మ ఎప్పుడు పోయింది? అత్తయ్య ఎంతకి పోయింది? ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. "మీ అక్కకెంత?" అంది. యాభై నాలుగన్నాను. "ఆవిడ మీ నాన్నగారి కూతురు కాదా? వారమంతా తలనొప్పి అని ఉత్తరంలో రాశారుగా" అంది.

 ఇంటికొచ్చి నీ ఉత్తరాలన్నీ మళ్ళీ తీసి చదివాను. ట్యూబులైటు, కళ్ళద్దాలు, దుమ్ము. నువ్వెప్పుడైనా కొలిపించుకున్నావా? ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళు. జవాబు రాసే ముందు వెళ్ళు.

తమ్ముడు

—

ఇంటి నుంచి
గురువారం

చిన్నోడికి,

వెళ్ళాను. నూట ఎనభై ఎనిమిది, నూట పన్నెండు.

నర్సు నన్ను కుర్చీలోంచి లేవనివ్వలేదు. ఏదో మాత్ర ఇచ్చి రెండు గంటలు పడుకోబెట్టారు. డాక్టరమ్మ ఇంకా కాలేజీలో చదువుకునే పిల్లలా ఉంది, అయినా నన్ను బాగా చీవాట్లు పెట్టింది. ఇన్నాళ్ళూ ఎలా తిరిగారండీ అంది. ఎలా తిరిగానా, మెట్లెక్కి, మెట్లు దిగి, నెత్తిన ఎనభై ఏళ్ళ పుస్తకాలు మోస్తూ. రోజూ ఉదయం ఒక మాత్ర, ఉప్పు తగ్గించాలి, రక్తపరీక్షలు చెయ్యాలి. వారం సెలవు. మీ బావ నా పక్కన కూర్చుని వంట పుస్తకం చదువుతున్నారు, ఆ దృశ్యం నువ్వు చూడాలి.

పడుకోమన్నారు కానీ నా కాళ్ళు ఆగుతాయా? సెలవు చీటీ ఇచ్చే వంకతో ఆఫీసుకి వెళ్ళి రెండు పేజీలు చూసొచ్చాను. తిట్టకు.

నాన్నమ్మ, ముప్ఫై నాలుగు, కాన్పు. అత్తయ్యని కని పోయింది. అత్తయ్య, బడి సర్టిఫికెట్టు లెక్కన నలభై ఏడు, తలనొప్పని పడుకుని లేవలేదు. నాన్న పోయిన రెండేళ్ళకే. ఎండలో తిరిగి ఉంటుందిలే అని అందరూ అనుకోవడం నాకు బాగా గుర్తు, నేనూ అనుకున్నాను. మన ఇంటి ఆడవాళ్ళు యాభై దాకా రానే లేదు. ఆ సంగతి ఏ ఒక్కరూ ఒక మాటగా అనలేదు. మగాళ్ళు పోతే ఇంటికి శాపమన్నారు, ఆడవాళ్ళు పోతే ఎండన్నారు.

నేనూ తక్కువ తినలేదు. ఇన్ని వేలమందికి నంబర్లు వేశాను. నాన్న కార్డులో "తలనొప్పి" అని మూడుసార్లు ఉంటే నా చేత్తో ఎత్తి నీకు రాశాను. రాస్తూ కణతలు నొక్కుకున్నాను. ఆ కార్డు నాదీ అని నాకు తట్టలేదు. ఎప్పుడూ చూడని ఆమెకి తట్టింది.

ఆమెకి ఏం చెప్పావు?

అక్క

—

కాటాల షాపు, మెట్ల మీద
శనివారం

అక్కా,

నీ అంకె ఇక్కడ మెట్ల మీదే చదివాను. షాపులోపలికి కూడా వెళ్ళలేదు.

ముప్ఫై ఐదేళ్ళుగా నా చావుకి నేను సిద్ధపడుతూ కూర్చున్నాను. నువ్వు పోవచ్చన్న ఊహ ఒక్క రోజు రాలేదు. నువ్వు ఉంటావు, నేను పోయాక అందరికీ ఉత్తరాలు రాస్తావు, అంతే అనుకున్నాను. నా గురించి వెతుకుతూ నువ్వు ఆ నేలమాళిగలోనే పడిపోయి ఉంటే నేనేం చేసేవాణ్ణి? 

ఆమె బయటికి వచ్చి చూసింది. ఉత్తరం ఇచ్చాను. నిలబడే చదివింది. లోపలికి వెళ్ళి, బండివాడికి ఫోను చేసి మిషను కోసం రానక్కర్లేదని చెప్పింది. యూనిఫారాల మూట బడికి పంపేసింది. చిన్న సంచీ సర్దుకుని వచ్చి, "మొదటి బస్సు ఎన్నింటికి?" అంది.

"మా అక్క దగ్గరికా?" అన్నాను.

"మరి ఇంకెక్కడికి? ఉప్పు లేకుండా వండడం మీ బావగారికి చేతకాదు. ఆవిణ్ణి మంచం మీద కూర్చోబెట్టడం మీవల్లా కాదు."

"తలుపు తీసి ఎవరు మీరని అడిగితే ఏం చెప్పను?"

"అది మీరే చెప్పాలి. రెండు నెలల నుంచి నేనడుగుతున్నది అదే."

సోమవారం ఉదయం బస్సుకి వస్తున్నాం. ఈ ఉత్తరం మాకన్నా వెనక రావచ్చు. అయినా నీకు ముందు కాగితం మీద చెప్పాలనిపించింది, కాగితం మీదైతేనే నేను మాట్లాడతానని నువ్వే అన్నావు కదా. మాత్ర వేసుకుని పడుకో. తలుపు దగ్గరికి నువ్వు రావద్దు, బావని తియ్యమను. నా వెనక నిలబడి ఉండేది నీ మరదలు. ఆమెకీ అదే చెప్పాను.

తమ్ముడు